కమీలియా, క్లెమాటిస్: రెంటికీ ఒకే మట్టి కలపకండి

చలికాలం దగ్గరపడితే ఒడిశా కొండల మీద కొరాపుట్, సునాబెడ, దమన్‌జొడి, సిమిలిగుడ వైపు ఉండే మన తెలుగువాళ్ళు చాలామంది ఆన్‌లైన్ నర్సరీల్లో కమీలియా, క్లెమాటిస్ రెండూ కలిపి ఆర్డరు పెడుతుంటారు. కమీలియా పొద, క్లెమాటిస్ తీగ. రెండూ చల్లటి ప్రాంతాల మొక్కలే, రెంటికీ పెద్ద పూలే. పోలిక అక్కడితో సరి. వేరు దగ్గర్నుంచి కత్తిరింపు దాకా ఒకదానికి పనికొచ్చింది రెండోదానికి పనికిరాదు. ఒకే మట్టి కలిపి, ఒకే లోతున నాటి, ఒకే బోరు నీళ్ళు పోస్తే రెంట్లో ఒకటి పోవడం ఖాయం.

ముందు ఊరి సంగతి. కొరాపుట్ పట్నం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో పగలు ఎంత కాసినా రాత్రికి చల్లబడుతుంది. శీతకాలం రాత్రుళ్ళు 10 డిగ్రీల లోపుకి దిగుతాయి. కమీలియాకు కావలసింది ఇదే: వెచ్చటి నెలల్లో మొగ్గ కడుతుంది, చలి తగిలాక విప్పుతుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం కొండ కింది ఊళ్ళు. అక్కడ కమీలియా బతికినా మొగ్గలు విప్పకుండానే రాలతాయి. కొండ కింద ఉన్నవాళ్ళు దాని మీద డబ్బు పెట్టొద్దని గట్టిగానే చెబుతాను. నీడకు నందివర్ధనం, పందిరికి రాధామనోహరం ఉన్నాయి, హాయిగా పూస్తాయి.

టీ మొక్క కూడా కమీలియాయే, కమీలియా సైనెన్సిస్. టీ తోటల్లో నేల ఎలా ఉంటుందో పూల కమీలియాకూ అలాంటిదే కావాలి: పీహెచ్ (మట్టి ఆమ్లత కొలత, 7కు తక్కువైతే ఆమ్లం) 5.5 నుంచి 6.5 మధ్య, నీరు నిలవని చోటు, పైన కుళ్ళిన ఆకుల పొర. కొరాపుట్ ఎర్రమట్టి సహజంగానే ఆమ్ల నేల. దాన్ని చెడగొట్టేది మన అలవాట్లే. పొయ్యి బూడిద, గుడ్డు పెంకులు, సున్నం, ఇవేవీ ఈ పాదులో పడకూడదు. కొత్త సిమెంటు గోడ పక్కన, కొత్త సిమెంటు కుండీలో పెట్టినా సున్నం నెమ్మదిగా మట్టిలోకి దిగుతుంది. గోడకు మూడడుగులు దూరం ఉంచండి. కుండీ అయితే మట్టిదో ప్లాస్టిక్‌దో తీసుకోండి, 12 అంగుళాలది చాలు.

కుండీ మట్టికి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా కుళ్ళిన ఆకుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు ముతక గెడ్డ ఇసుక. కోకోపీట్‌ను రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి వాడండి. కొబ్బరి పీచులో ఉప్పు మిగిలి ఉంటుంది, కమీలియా వేరు ఉప్పును ఓర్చుకోదు. పచ్చి గత్తం (పశువుల పేడ ఎరువు) అసలు వద్దు.

నాటే లోతు దగ్గరే ఎక్కువ మొక్కలు పోతాయి. కమీలియా వేళ్ళు పైపైనే, సన్నగా, వలలా పరుచుకుంటాయి. నర్సరీ సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో పాదులో కూడా అంతే ఉండాలి, లేదా ఒక అంగుళం పైకి ఉన్నా మంచిదే. కాండం మొదలు మట్టిలో పూడితే వర్షాకాలం మొదటి నెలలోనే బెరడు మెత్తబడి కుళ్ళుతుంది. మన వానలకు నేల మీద నాటేవాళ్ళు అడుగు ఎత్తు గట్టు వేసి దాని మీద నాటాలి. అనుమానంగా ఉంటే అడుగు లోతు గొయ్యి తవ్వి నీళ్ళు నింపి చూడండి. గంట రెండు గంటల్లో ఇంకకపోతే ఆ చోటు మానుకోండి. వేళ్ళు పైనే ఉంటాయి కనుక పాదులో గునపంతో, బొరిగతో కెలక్కూడదు. కలుపు చేత్తో పీకి, రెండంగుళాల మందాన ఎండాకు పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి.

నీళ్ళ విషయం ఇంకాస్త చెప్పాలి. వంటింట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకుంటుంటే ఆ బోరు నీళ్ళు కమీలియాకు పనికిరావు. వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోండి. గెడ్డ నీళ్ళు సాధారణంగా ఫరవాలేదు. బోరు నీళ్ళు పోస్తూ పోతే కొన్ని నెలలకు చిగురాకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేకపోతోందని అర్థం. ఇక్కడ యూరియా వేస్తే ఇంకా పాడవుతుంది. చీలేటెడ్ ఐరన్ (వేరు అందుకోగల రూపంలో ఉన్న ఇనుము మందు) వేయాలి, అందులోనూ తేడా ఉంది: ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటిన మట్టిలో పని చేయదు, అప్పుడు ఈడీడీహెచ్‌ఏ రకమే కొనాలి. అడుగున ఉన్న ముదురాకు ఒకటీ అరా పసుపై రాలితే కంగారు పడక్కర్లేదు, అది వయసు. ఆకు మధ్యలో మాత్రమే గోధుమరంగు మచ్చ కాలినట్టు ఉంటే పడమటి ఎండ తగులుతోందన్నమాట. ఉదయం రెండు మూడు గంటల ఎండ, ఆ తర్వాత పలచటి నీడ, అదీ దీనికి సరైన చోటు. కమీలియాల్లో ససాంక్వా జాతి రకాలు జపోనికా జాతి కన్నా ఎండను ఓర్చుకుంటాయి, ముందుగా కూడా పూస్తాయి. మొదటిసారి పెంచేవాళ్ళకు అదే తేలిక.

మొగ్గలు రాలడం గురించి అందరూ అడుగుతారు. పూసే ముందు రాలుతుంటే తప్పు అప్పటిది కాదు, చాలాసార్లు వానలు వెనకపడ్డాక జరిగినదే. మొగ్గలు బఠాణీ గింజంత ఉన్నప్పుడు మట్టి ఒక్కసారి పూర్తిగా ఎండితే చాలు, మొగ్గ లోపల ఎండిపోయి, పైకి పచ్చగానే కనిపిస్తూ, చలికాలంలో రాలిపోతుంది. సెప్టెంబరు నుంచి వేలు రెండు కణుపులు దించి చూసి తడి లేకపోతే వెంటనే నీళ్ళు పోయండి. ఒక రెమ్మ చివర మూడు నాలుగు మొగ్గలు గుత్తిగా ఉంటే ఒకటి ఉంచి మిగతావి తుంచేయండి, పువ్వు నిండుగా వస్తుంది. పూత అయిపోగానే, కొత్త చిగురు రాకముందే కత్తిరింపు, అదీ కొద్దిగానే. వర్షాకాలం చివర కత్తిరిస్తే ఆ ఏటి పూలన్నీ కత్తెరకే పోతాయి.

నెమ్మది మొక్క, కానీ ఆయుష్షు గట్టిది. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పిల్నిట్జ్ కోటలో 1801లో నాటిన కమీలియా నేటికీ పూస్తోంది. చలికాలం రాగానే దాని మీదికి అద్దాల ఇంటిని జరిపి కాపాడతారు. మనకు ఆ బాధ లేదు.

క్లెమాటిస్ దగ్గరికొస్తే పైన చెప్పినవి సగానికి పైగా తిరగేయాలి. దీన్ని లోతుగా నాటాలి. సంచిలో ఉన్న మట్టం కన్నా రెండు మూడంగుళాలు కిందికి, కనీసం రెండు కణుపులు మట్టిలో పూడేలా. ఎందుకంటే పెద్ద పూల రకాలకు విల్ట్ అనే శిలీంధ్ర తెగులు వస్తుంది. సాయంత్రం బాగున్న తీగ మర్నాటికి నల్లబడి వేలాడిపోతుంది. అలా అయినప్పుడు మొక్క పీకేయకండి. ఆ తీగను నేల మట్టానికి కోసి, ముక్కల్ని కాల్చేయండి, కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. మట్టిలో పూడిన కణుపుల నుంచి కొత్త పిలకలు వస్తాయి. వాడిన ప్రతి తీగా తెగులుది కాదు. దీని కాండం పుల్లలా పెళుసు, ఒక్కసారి వంగితే లోపల విరిగి పైకి తెలియదు. వానల్లో నత్తలు కూడా మొదలు దగ్గర గీరి తినేస్తాయి. వాడిన చోట నుంచి కిందికి వేలితో తడుముతూ రండి, విరుపో గీరుడో దొరికితే తెగులు కాదన్నమాట. నత్తల్ని రాత్రి టార్చితో ఏరడమే మంచి మందు.

మట్టి పీహెచ్ 6.5 నుంచి 7.5 దాకా బాగుంటుంది. మన ఎర్రమట్టికి కుండీకి ఒక చెంచాడు సున్నం, లేదా చారెడు పొయ్యి బూడిద కలిపితే కుదురుతుంది. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు మాగిన గత్తం, ఒక పాలు ఇసుక. కుండీ 18 అంగుళాల లోతు ఉండాలి. తల ఎండలో, వేరు నీడలో ఉండాలన్నది క్లెమాటిస్ పెంచేవాళ్ళంతా చెప్పేదే, ఆచరణలో పెట్టేవాళ్ళు తక్కువ. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో పెడితే వేరు ఉడికిపోతుంది. ముందు ఇంకో రెండు పొట్టి కుండీలు అడ్డం పెట్టండి, లేదా పెంకు ముక్కలు మట్టి మీద పరచండి.

పందిరి గుంజలు వేసి వదిలేస్తే ఎక్కదు. ఇది తీగ చుట్టుకుని ఎక్కే జాతి కాదు, ఆకు కాడతో పట్టుకుని ఎక్కే జాతి. దగ్గర్నుంచి చూస్తే కనిపిస్తుంది: కాడ సన్నటి దారాన్ని తాకగానే ఒక మెలిక వేసి బిగుసుకుంటుంది. వెదురు లావైతే కాడకు చాలదు, అరంగుళం దాటితే పట్టు చిక్కదు. గుంజకు కొబ్బరి తాడు, జీఐ తీగ, చేపల వల, ఏదో ఒకటి చుట్టాలి.

కత్తిరింపు రకాన్ని బట్టి మారుతుంది. పాత కొమ్మ మీద పూసేవి పూత అయ్యాక సవరిస్తే చాలు. పెద్ద పూలు ముందుగా ఇచ్చే రకాలకు ఎండు చివళ్ళు మాత్రమే తీయాలి. జాక్‌మానీ, విటిసెల్లా రకాలు ఆ ఏటి కొత్త రెమ్మ మీద పూస్తాయి. వాటిని జనవరి చివర అడుగు, అడుగున్నర ఎత్తుకు నిర్దాక్షిణ్యంగా కోసేయాలి. మనకు కొనదగ్గవి ఈ చివరి గుంపువే. రకం పేరు చెప్పలేని నర్సరీలో క్లెమాటిస్ కొనకండి, కొన్న తర్వాత కత్తెర ఎక్కడ వేయాలో తెలియదు. మూడంగుళాల కుండీలో వచ్చిన పిల్ల మొక్కను నేరుగా పాదులో పెట్టకండి. ఆరంగుళాల కుండీలో వేరు అడుగున కనిపించేదాకా పెంచి అప్పుడు దించండి.

ఇంకో మాట. దూరదేశపు పూల కోసం వెతికే ముందు తూర్పు కనుమల్లో ఎప్పటి నుంచో ఉన్న క్లెమాటిస్ గౌరియానాను చూడండి. గుత్తులుగా మీగడ తెలుపు చిన్న పూలు, ఆ తర్వాత ఈకల్లాంటి తోకలున్న గింజలు. ఎండకూ వానకూ ఇది అలవాటు పడిందే. కొండ మీద వేళ్ళతో పీక్కురాకండి. గింజలు ఎండి ఊడే దశలో నాలుగు తెచ్చి ఇసుక మట్టిలో చల్లండి, మొలవడానికి వారాల నుంచి నెలలు పట్టవచ్చు. లేదా ఎవరి దొడ్లోనైనా ఉంటే ఒక తీగను వంచి కణుపు దగ్గర మట్టి కప్పి రాయి పెట్టండి, వేరు పట్టాక కోసి తెచ్చుకోవచ్చు. అన్ని క్లెమాటిస్ రకాల పసరూ చర్మానికి మంట పెడుతుంది, చేతికి తొడుగు వేసుకునే కోయండి, కోసిన తీగల్ని మేకలకు అందే చోట పడేయకండి.