స్కాట్లాండ్ ఉత్తర తీరంలో క్యాంపర్‌వాన్ ప్రయాణం

ఇన్వర్నెస్‌లో మొదలై అక్కడికే తిరిగి చేరే నార్త్ కోస్ట్ 500 మార్గం పొడవు సుమారు 830 కిలోమీటర్లు. 2015లో ఈ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ దారిని మేము క్యాంపర్‌వాన్‌లో (లోపలే పడుకుని, వండుకునే వీలున్న వ్యాన్‌లో) చుట్టివచ్చాము. తూర్పు తీరం సాఫీగానే సాగిపోతుంది. అసలు అందమూ, అసలు పరీక్షా పడమటి వైపునే ఉన్నాయి.

అక్కడ చాలాచోట్ల ఒక్క వాహనానికి సరిపడే రోడ్డే ఉంటుంది కనుక, ఎదురుగా బండి కనిపించగానే ఎడమవైపున్న పాసింగ్ ప్లేస్‌లోకి, అంటే బండ్లు పక్కకు తప్పుకోవడానికి రోడ్డును కాస్త వెడల్పు చేసిన చోటులోకి, తప్పుకోవాలి. అది కుడివైపున ఉంటే దానికి ఎదురుగా మన వరుసలోనే ఆగాలి. వెనుక వచ్చే స్థానికులకు దారి ఇవ్వడానికీ ఇవే ఆధారం. వాటిలో బండి నిలిపి ఫొటోలు తీసుకునే యాత్రికులను చూస్తే మాత్రం నాకు చిరాకు కలిగింది.

ఆపిల్‌క్రాస్ గ్రామానికి వెళ్లే బెలాఖ్ నా బా కనుమ 626 మీటర్ల ఎత్తుకు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పెద్ద వాహనాలు వద్దని మొదట్లోనే హెచ్చరిక బోర్డు ఉన్నందున, మేము షీల్డాగ్ గ్రామం మీదుగా తీరం వెంబడి వెళ్లే చుట్టుదారిని ఎంచుకున్నాము. దానికి ఏమాత్రం విచారించలేదు.

స్కాట్లాండ్‌లో బహిరంగ ప్రదేశాల్లో గుడారం వేసుకునే హక్కు మోటారు వాహనాలకు వర్తించదు. కాబట్టి రాత్రి బసకు, టాయిలెట్ క్యాసెట్ (బండిలోని మరుగుదొడ్డి వ్యర్థాలు చేరే పెట్టె) ఖాళీ చేయడానికి క్యాంప్‌సైట్‌ను ముందే బుక్ చేసుకోవడం మేలు. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది కనుక తొందరపడనక్కర లేదు.