శాతం కనిపిస్తే ముందు భిన్నం, ఆ తర్వాతే పెన్ను

రైల్వే ఉద్యోగాలకు పెట్టే ఆర్‌ఆర్‌బీ ఎన్టీపీసీ పరీక్ష మొదటి దశలో 90 నిమిషాలకు 100 బిట్లు, అందులో మ్యాథ్స్ 30. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. గుంటూరు బ్రాడీపేట రూముల్లో ఉండి చదివే మా బ్యాచ్‌లో సూత్రాలు రానివాళ్లెవరూ లేరు. టైమంతా ‘ఎక్స్ అనుకుందాం’ అని మొదలుపెట్టి, 100తో భాగించి, సున్నాలు కొట్టేయడంలోనే పోతుంది.

12.5 శాతం అంటే 1/8. 37.5 అంటే 3/8. 16 2/3 అంటే 1/6. 14 2/7 అంటే 1/7. ఇలా 1/15 దాకా ఎక్కాల్లా నోటికి రావాలి. 37.5 శాతం పెరిగిందంటే 8 కాస్తా 11 అయిందని. ఇక శాతంతో పనిలేదు.

మన మిర్చి లెక్కే చూద్దాం (అంకెలు నేను వేసుకున్నవే). 100 కిలోల పండు మిరపకాయల్లో 72 శాతం నీరు. కల్లంలో ఎండాక తేమ 12.5 శాతం ఉంటే యార్డుకు ఎన్ని కిలోలు వెళ్తాయి? చాలామంది ఆవిరైన నీటి వెంట పడతారు. అది వదిలేయండి. ఎండినా తగ్గనిది నీరు కాని 28 కిలోలే. తేమ 1/8 అయితే ఈ 28 మిగతా ఏడు భాగాలు. ఒక్కో భాగం 4, ఎనిమిది భాగాలకు 32 కిలోలు. పెన్ను ముట్టక్కర్లేదు.

రాము జీతం సోము కంటే 37.5 శాతం ఎక్కువైతే, సోముది రాము కంటే ఎంత తక్కువ? సోముది 8 అయితే రాముది 11. తేడా 11లో 3, అంటే 27 3/11 శాతం. ఆప్షన్లలో 37.5 కూడా పెడతారు, చూసుకోండి. ఎవరితో పోలుస్తున్నామో వాళ్ల అంకే హారం.

కొన్న ధరపై 20 శాతం పెంచి, 12.5 శాతం డిస్కౌంట్ ఇస్తే? పెంచితే 5 కాస్తా 6 (5:6), డిస్కౌంట్‌తో 8 కాస్తా 7 (8:7). గుణిస్తే 40:42, లాభం 5 శాతం. ‘ఏ + బీ + ఏబీ/100’ సూత్రంతోనూ (ఏ, బీ అంటే ఆ రెండు శాతాలు, తగ్గితే మైనస్) ఇదే వస్తుంది గానీ, మైనస్ దగ్గర జారేవాళ్లే ఎక్కువ. పైగా మూడో మార్పు వస్తే దాన్ని మళ్లీ మొదటినుంచి వేయాలి. ఇక్కడైతే ఇంకో జత గుణిస్తే సరి.

17, 23 లాంటి శాతాలకు ఈ పద్ధతి కుదరదు. 10 శాతం, 1 శాతం తీసి కూడుకోవడమే. డేటా ఇంటర్‌ప్రెటేషన్‌లో (పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కల్లో) ఇవే ఎక్కువ తగులుతాయి.

మాక్ టెస్ట్ అయ్యాక రఫ్ షీట్ పారేయకండి. ఎక్స్ రాసిన బిట్లు వెతికి, వాటినే మళ్లీ నిష్పత్తిలో చేయండి. మేమైతే షీట్లు ఒకరివొకరం మార్చుకుని దిద్దుతాం.