కడుపుతో ఉండగా హెపటైటిస్ సి: మందు వేసుకున్నది మాత్రం బాబుకి ఏడాది నిండాకే

నిన్న సాయంత్రం రెండు రిపోర్టులు వచ్చాయి. నాది "నాట్ డిటెక్టెడ్", అంటే రక్తంలో వైరస్ కనిపించలేదు. ఏడాదిన్నర నిండిన మా బాబుది నెగటివ్. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఐదో నెలలో ఒక నర్సింగ్ హోంలో రక్త పరీక్షలు చేశారు. షుగర్, థైరాయిడ్, హెచ్ఐవి అన్నీ బాగానే ఉన్నాయి. రక్తం ద్వారా సోకి లివర్‌ని దెబ్బతీసే వైరస్, హెపటైటిస్ సి దగ్గర మాత్రం "రియాక్టివ్" అని వచ్చింది. ఆ సంగతి నాకు చెప్పింది డాక్టరమ్మ కాదు, కౌంటర్లో కూర్చున్న అమ్మాయి. అదీ ముప్పై మంది కూర్చున్న హాల్లో, ఫైలు పైకెత్తి, "ఈ పాజిటివ్ కేసు ఎవరిదండీ?" అని. లేచి నిలబడ్డా. పక్క కుర్చీలో ఆవిడ తన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద సున్నా చుట్టారు. లోపల సిస్టర్ రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని బీపీ చూసింది. బీపీకి! డాక్టరమ్మ నా మొహం కూడా చూడకుండా మా ఆయనతో, "ఇక్కడ డెలివరీ చెయ్యం. చెయ్యాలంటే కిట్లకి వేరే కట్టాలి" అంది. ఇదెలా వచ్చిందండీ అని ఆయన అడిగితే, "ఆవిడనే అడగండి" అంది.

ఇల్లు చేరేదాకా బండి మీద ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. చిన్నప్పుడు జ్వరమొస్తే మా ఊరి ఆర్ఎంపీ ఒకే సూది వేడినీళ్ళలో ముంచి అందరికీ పొడిచేవాడు. నా అనుమానమంతా దాని మీదే. ఆ డాక్టరమ్మ అన్న మాటకి మాత్రం ఆవిడని ఈ జన్మలో క్షమించను.

ఇంట్లో అత్తయ్య నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. మా మరిదికి మందుల షాపుంది. మూడో రోజుకల్లా, "వదినా, మూడు నెలల్లో పోతుంది, బిడ్డకి అంటకముందే మొదలుపెట్టు" అంటూ సోఫోస్బువిర్, డక్లాటాస్విర్, రిబావిరిన్ మూడూ తెచ్చి ఇచ్చాడు. బిడ్డ కోసమే కదా అనిపించింది. మాత్ర చేతిలోకి కూడా తీసుకున్నా. రిబావిరిన్ డబ్బాలోని కాగితం మీద ప్రెగ్నెన్సీ అన్న మాట లావు అక్షరాల్లో కనిపించి ఆగిపోయా.

మర్నాడు గుంటూరులో లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదట అడిగింది, "పీసీఆర్ చేయించారా?" అని. రక్తంలో ఇప్పుడు వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష అది. రియాక్టివ్ అంటే ఎప్పుడో వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమేనట. నూటికి పాతిక ముప్పై మంది మందు లేకుండానే దాన్ని వదిలించుకుంటారట. నాకా అదృష్టం లేదు, వైరస్ ఉంది.

రిబావిరిన్ చూసి ఆయనకి కోపమొచ్చింది. అది పిండానికి అవకరాలు తేవచ్చు. మొగుడు వేసుకుంటున్నా సరే, ఆపాక కూడా నెలల తరబడి భార్యకి కడుపు రాకుండా చూసుకోవాలి. మిగతా రెండూ చెడు చేస్తాయని ఎవరూ తేల్చలేదు, చెయ్యవని ధైర్యంగా చెప్పడానికి సరిపడా పరిశోధనలూ జరగలేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో సోఫోస్బువిర్, లెడిపాస్విర్ కలిపి గర్భిణులకి ఇచ్చి చూశారట, అందరికీ తగ్గింది. "కానీ ఆ అందరూ కలిపి తొమ్మిది మందేనమ్మా" అన్నారు. బిడ్డకి సోకేది నూటికి ఐదారుగురికి. నా లివర్ బాగానే ఉంది. "ఆగుదాం" అన్నారు. సిజేరియన్ చేసినంత మాత్రాన ముప్పు తగ్గదు. పాలివ్వచ్చు, చనుమొనలు పగిలి రక్తం వస్తే మాత్రం ఆపాలి. కంచాల వల్ల రాదని కూడా చెప్పారు. ఆ రాత్రి మా ఆయన నా కంచంలోనే అన్నం పెట్టించుకుని తిన్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పు. గ్లవ్స్ ఒక్క జతే వేసుకున్నారు. ఏడాది పాలిచ్చి మాన్పించాక, ప్రెగ్నెన్సీ లేదని పరీక్ష చేసి మందు మొదలుపెట్టారు. 2018 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజుకి రెండు మాత్రలు, 84 రోజులు. ఒక్క రోజూ మానలేదు, నా క్యాలెండరు చూపిస్తా కావాలంటే. అయిపోయిన 12 వారాలకి మళ్ళీ పీసీఆర్. అదే నిన్న వచ్చింది.

ఈ మధ్యలో, బాబుకి ఆరో నెల రాగానే, యాంటీబాడీ పరీక్ష (వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే పదార్థాలు రక్తంలో ఉన్నాయేమో చూసేది) చేయించమని ఆడపడుచు ఒకటే పోరు. ఒప్పుకోలేదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో ఏడాదిన్నర దాకా ఉండొచ్చు, ఉత్తి పుణ్యానికి పాజిటివ్ చూపిస్తుంది. తొందరగా తెలియాలంటే పీసీఆర్ ఉందట, మేం ఆగాం. మీకు రియాక్టివ్ వస్తే ముందు పీసీఆర్ అడగండి, రిపోర్టు సంగతి విడిగా గదిలో కూర్చోబెట్టి చెప్పమనండి, మందుల షాపు వాళ్ళ మాట వినకండి, సొంత మరిదైనా సరే.

మరిది తెచ్చిన మందులు బీరువాలోనే గడువు తీరిపోయాయి. వెనక్కి తీసుకోలేదు, డబ్బులూ ఇవ్వలేదు.