పట్టేసిన మోకాలు

లెస్టర్‌లో మెట్లు దిగుతుంటే నా కుడి మోకాలు టక్కున పట్టేసింది. కాలు చాపలేను, మడవలేను. రెయిలింగ్ పట్టుకుని రెండు నిమిషాలు ఊపితే గానీ వదల్లేదు. తర్వాత వారానికి మూడు నాలుగు సార్లు అదే తంతు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యంలో స్పెషలిస్టును చూడాలంటే మామూలుగా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్, రెఫరల్ ఉత్తరం రాయాలి. మా జీపీ రాశారు, పాపం. మూడు వారాలకు ఆసుపత్రి జవాబు వచ్చింది: అపాయింట్‌మెంట్ ఇవ్వలేం, ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకోండి. నన్ను చూడకుండానే తేల్చేశారు. ఎక్స్‌రే బాగుందట! ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ, వాటి మధ్య నెలవంకలా ఉండే మెనిస్కస్ అనే మృదులాస్థి కనిపించదు కదా.

చెల్లి పెళ్ళికి ఎలాగూ హైదరాబాద్ టికెట్ కొన్నాను. దిగిన మర్నాడే అమ్మ కూకట్‌పల్లిలో ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. టోకెన్ నంబర్ 23, గంటన్నర ఎదురుచూపు. ఆయన నా పాదం పట్టుకుని మోకాలు మడిచి తిప్పారు. చిటుక్కుమంది. సాయంత్రం ఎమ్మారై, రాత్రికి వాట్సాప్‌లో రిపోర్టు: మెనిస్కస్ చిరిగింది.

"అంత పెద్ద దేశంలో చూసే నాథుడే లేడా?" అంది అమ్మ.

నా కోపం ఫిజియోథెరపీ మీద కాదు. చాలా చిరుగులకు మొదటి వైద్యం అదేనని కూకట్‌పల్లి డాక్టరూ అన్నారు. కానీ ఇలా పట్టేసే మోకాలిని చేత్తో చూడాలట, కాగితం మీద కాదు.

సెలవు పదిహేను రోజులే, ఆపరేషన్‌కు టైమ్ లేదు. రిపోర్టు, సీడీ తెచ్చి జీపీకి ఇస్తే మళ్ళీ ఉత్తరం పంపారు. ఈసారి తేదీ ఇచ్చారు. పెళ్ళిలో మాత్రం కుర్చీలో కూర్చునే అక్షింతలు వేశాను.