జీను దించే రోజులు

మాది నెల్లిమర్ల పక్క ఊరు. చంపావతి ఏటి ఇసుకలో గుర్రాన్ని దౌడు తీయిస్తే చూడ్డానికి బావుంటుంది, వీడియోకీ పనికొస్తుంది. దాని కాళ్లకే పనికిరాదు. లోతు ఇసుకలో గిట్ట దిగబడ్డ ప్రతిసారీ మోకాలి కింద వెనకవైపు స్నాయువు (కండని ఎముకకి కట్టే తాడులాంటిది) సాగి లాగుతుంది. అందుకే నేను నీటి అంచున తడిసి గట్టిపడ్డ మేరే నడిపిస్తాను.

మా చిన్నాన్న పెళ్లి ఊరేగింపులకి గుర్రాల్ని పెంచిన మనిషి. గుర్రానికి వారంలో ఒకరోజు సెలవిస్తానంటే, "రోజూ తోలకపోతే మొండికేస్తాదిరా" అంటాడు. అబద్ధం కాదు, రోజంతా కొట్టంలో కట్టేస్తే ఏ గుర్రమైనా తన్నుతుంది. కానీ సెలవంటే కట్టేయడం కాదు చిన్నాన్నా, జీను లేకుండా తోటలో వదిలేయడం!

గట్టిగా పరిగెత్తాక గుర్రం కండల్లో ఖర్చైన గ్లైకోజెన్ (కండలు నిలవ ఉంచుకునే చక్కెర ఇంధనం) మళ్లీ నిండడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. కాబట్టి నా లెక్కలో దౌడు వారానికి రెండుసార్లే. మిగతా రోజులు నడక, కాస్త ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య పరుగు). ఒకరోజు పూర్తిగా సెలవు. లేత గుర్రమైతే రెండు.

చిక్కు ఎక్కడంటే, గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే పరుగుకి అలవాటుపడతాయి. ఎముకలకీ స్నాయువులకీ నెలలు కావాలి. రొప్పడం లేదు కదా అని మనం ఇంకాస్త తోలేస్తాం.

పొద్దున్నే దాణాకి ముందు నాలుగు కాళ్లూ తడుముతాను, మోకాలి నుంచి గిట్టదాకా. ఒక్క కాలే వెచ్చగా తగిలిందా, ఆరోజు స్వారీ లేదు. దవడ కింద వేలుపెట్టి నాడి కూడా చూస్తాను. తీరిగ్గా నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. కదలకుండానే 50 దాటితే పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తాను, చిన్నాన్న ఎంత నవ్వినా సరే.