కోడికి ‘ఆగు’ నేర్పబోయి... నా అనుభవం

మొన్న శనివారం మా వాడి స్కూల్లో సైన్స్ ఫెయిర్ అయిపోయింది. నాకింకా కడుపుమంట చల్లారలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నాను.

మాది దేవరకొండ పక్కన పల్లె. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా వాడు ఎనిమిదో తరగతి. ‘జంతువులు ఎలా నేర్చుకుంటాయి’ అని ప్రాజెక్టు పెట్టుకున్నాడు. కుక్కతో అందరూ చేస్తారు, మనం కోడితో చేద్దామన్నాడు. అప్పుడే మా తమ్ముడు అక్కడున్నాడు. "కోడికేం చదువు అక్కా, గింత అల్లం ఎల్లిపాయ ఏస్తే అదే నేర్చుకుంటది" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు పంతం వచ్చింది. లేకపోతే ఇరవై జాకెట్లు కుట్టాల్సినవి పెట్టుకొని ఈ పని నెత్తికెత్తుకునేదాన్నే కాదు.

కోడి పేరు మల్లి. సంతలో ఒకడు అసలైన నాటుకోడి అని చెప్పి, ఆ రేటే గుంజి అంటగట్టాడు. తర్వాత పశువుల డాక్టరు చూసి "ఇది వనరాజ అమ్మా, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తీసిన రకం" అన్నాడు. సంతలో కోడి కొనేటప్పుడు అమ్మేవాడి నోరు చూడొద్దు, కోడి కాళ్లు చూడండి. సరే, అది వేరే కథ.

పద్ధతి చిన్నదే. కోడి మనం చెప్పిన పని చేసిన క్షణంలోనే ఒక చప్పుడు రావాలి, ఆ వెంటనే గింజ పడాలి. ఉత్త గింజ వేస్తే అది చేతిలోంచి పడేలోపు కోడి ఇంకో పనిలో ఉంటుంది, దేనికి వేశామో దానికి తెలియదు. చప్పుడుకి నేను టిక్కుమనే బాల్‌పెన్ను వాడాను. గింజకి నూకలు. బాగా చేస్తే చెదలు. పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి చేను గట్టున బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి, మా అమ్మ కోడిపిల్లలకు అలాగే పట్టేది. పొద్దున మేత వేయకముందే, ఐదు నిమిషాలకు మించకుండా చేయాలి. ఆకలికి మాడ్చొద్దు.

తేలికైనవి తేలికగానే అయ్యాయి. పేరు పిలిస్తే రావడం రెండు రోజులు. ఊలు అల్లే సూది చివర ఎర్ర గుండీ అంటించి చూపిస్తే పొడవడం ఒక్క పూట. కోడికి రంగులు మనకన్నా బాగా కనిపిస్తాయి. మనకు కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలైతే దానికి నాలుగు, మనకు కనపడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. అందుకే ఎర్ర గుండీ చూస్తే ఆగదు. ఒకామె కొలతలివ్వడానికి ఎర్ర గుండీల జాకెట్టుతో వచ్చి కూర్చుంటే మల్లి వెళ్లి రెండు పోట్లు పొడిచింది. ఆమె మళ్లీ రాలేదు, అడ్వాన్సు మాత్రం ఇంకా అడుగుతోంది. గుండీ వెనకాలే నడవడం, గంపలోకి పోవడం, పీట ఎక్కడం కూడా వారంలో వచ్చేశాయి. నేను ఊళ్లో చెప్పుకొని తిరిగాను. తిరగాల్సింది కాదు.

ఇక ‘ఆగు’. పీట ఎక్కి పది సెకన్లు కదలకుండా నిలబడాలి, అంతే. దీని మీదే నాలుగు వారాలు పోయాయి.

మల్లి పీట ఎక్కేది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు కుడికాలితో వెనక్కి ఒక గీకు, ఎడమకాలితో ఒక గీకు. పెంటకుప్ప మీద కెలికినట్టు. పీట మీద ఏమైనా అంటుకుందేమోనని కడిగాను. జారుతోందేమోనని గోనెపట్టా పరిచాను. అయ్యో, గోనె చూశాక దానికి పండగే అయింది, పోగులు పోగులు లాగి పారేసింది. ఒకరోజు కోపం ఆగక గట్టిగా అరిచాను. పీట దిగి, మూడు రోజులు నా దగ్గరికే రాలేదు. కోడిని కొట్టి, అరిచి ఏదీ నేర్పలేం. కుక్క అయితే తిట్టినా తోక ఊపుతూ వస్తుంది. కోడి లెక్క తేల్చేసి వెళ్లిపోతుంది. మా అత్తమ్మ దిష్టి తీయమంది. తీశాను కూడా, దాచడమెందుకు.

చివరికి మా వాడు ఫోన్లో వీడియో తీసి మెల్లగా తిప్పి చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. పెన్ను టిక్కుమనే క్షణంలో మల్లి కాలు గాల్లో ఉంది! ఒకసారి కాదు, పదిసార్లలో ఏడుసార్లు. నిలబడ్డప్పుడు కాదు, గీకడానికి కాలెత్తినప్పుడే నేను కూలి ఇస్తున్నాను. ఇరవై ఏళ్లుగా సూది కింద నా వేలు ఎప్పుడూ పడలేదు, అంత గురి ఉందనుకున్న చెయ్యి కోడి దగ్గర అరసెకను ఆలస్యం. ఆ రాత్రి కోడి లేకుండానే, మా వాడు బంతి కింద కొడుతుంటే నేల తాకినప్పుడల్లా పెన్ను నొక్కి చెయ్యి సరి చేసుకున్నాను.

దాంతో నాలుగు సెకన్ల దాకా వచ్చింది. ఆ తర్వాత మళ్లీ గీకుడు. ఈసారి నా తప్పు కూడా లేదు, వీడియోలో చూశాం.

అప్పుడు మా వాడు వెతికి పట్టుకొచ్చాడు. అమెరికాలో కెల్లర్ బ్రేలాండ్, మేరియన్ బ్రేలాండ్ అని మొగుడూపెళ్లాలు. స్కిన్నర్ అనే పెద్ద సైకాలజిస్టు శిష్యులు. ఆ చదువుతో జంతువులకు ఆటలు నేర్పడమే వ్యాపారంగా పెట్టుకొని, 1955లో హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో ఒక ప్రదర్శనశాల తెరిచారు. వాళ్లు కూడా కోడిని ఒక పీట మీద 12 నుంచి 15 సెకన్లు ఊరికే నిలబెడదామనుకున్నారట. సగానికి పైగా కోళ్లు గీకడం మొదలుపెట్టాయట! మాన్పించలేక, పక్కన పాటల పెట్టె పెట్టి, నాట్యం చేసే కోడి అని జనానికి చూపించారు. తిండి కోసం ఎదురుచూసే కొద్దీ తిండి వెతుక్కునే పుట్టుబుద్ధి పైకొచ్చి, నేర్పింది వెనక్కి పోతుందని 1961లో రాశారు. అది చదివి నేను గట్టిగా నవ్వాను. ఆ మహానుభావుల వల్ల కానిది నా వల్ల కాలేదన్నమాట.

కానీ నేను టైలర్ని, గుడ్డ చాలకపోతే కత్తిరింపు మార్చాలి. గింజ కింద వేయడం మానేసి, దాని మెడ ఎత్తున గిన్నె పట్టుకొని పెట్టాను, చూపు నేల మీదికి పోకుండా. పీట తీసేసి ఇటుకను నిలువుగా నిలబెట్టాను, కాలు వెనక్కి లాగడానికి చోటే లేదు. ఆరు రోజులకి తొమ్మిది సెకన్లు నిలబడింది.

ఇక స్కూలు. ముందే అడిగి ఒప్పుకున్నాకే కోడిని తీసుకెళ్లాను. తీరా గేటు దగ్గర ఇంచార్జి సారు "ఏందమ్మా గిది, నిజంగనే తెచ్చినవా" అన్నాడు. ఇటుక పెడితే బల్ల పాడవుతుందట, వద్దన్నాడు. బల్ల మీద కొత్త తెల్ల గుడ్డ పరిచారు. నాకు అక్కడే టెన్షన్ మొదలైంది.

జడ్జీలు ముగ్గురు వచ్చారు. మా వాడు "ఆగు" అన్నాడు. మల్లి ఒక్క సెకను నిలబడింది. కింద మెత్తని గుడ్డ తగిలింది కదా, ఇక రెండు కాళ్లతో అందుకుంది. గుడ్డ ముడతలు పడి, పక్క పిల్ల థర్మాకోల్ సౌర కుటుంబం మీదికి పోయింది. శని గ్రహం ఉంగరంతో సహా కింద పడింది. హాలంతా నవ్వులు. వెనకనుంచి ఎవరో "కిలో ఎంతకిస్తరు?" అన్నారు. మా వాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా "సార్, ఇది తప్పు కాదు, 1961లో..." అని మొదలుపెట్టాడు. పెద్ద జడ్జి "సరే నాన్నా, మంచిగుంది" అని వాడి భుజం తట్టి, ఏడాదికోసారి పేలే సోడా అగ్నిపర్వతం దగ్గరికి వెళ్లిపోయాడు. మొదటి బహుమతి దానికే వచ్చింది. ఎప్పుడూ దానికే వస్తుంది. మా వాడి మాట మొత్తం వినడానికి వాళ్లకు పట్టేది ఒక్క నిమిషం.

ఎవరైనా మొదలుపెడితే నాలుగు మాటలు. పుంజుతో పెట్టుకోకండి, మా పక్కింటి పుంజు గుండీని వదిలి నా పిక్కను పట్టుకుంది. ఈకలు రాలే రోజుల్లో వదిలేయండి. ముందు మీ చేతిని వీడియో తీసుకోండి. స్కూలు వాళ్ల నోటిమాట నమ్మకండి, కాగితం మీద రాయించుకోండి.

ఈ రోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే మల్లి పిలవకుండానే వచ్చి ఇటుక ఎక్కింది. చీపురు పట్టుకొని లెక్కపెట్టాను. పదకొండు. అప్పుడు చూస్తే చేతిలో పెన్ను లేదు, లోపలికి పరుగెత్తాను. తమ్ముడు ఆదివారం వస్తానని ఫోన్ చేశాడు, మసాలా తనే తెస్తాడట. రానీ, గుడ్ల పులుసు పెడతాను, అది కూడా అంగట్లో కొన్న గుడ్లతో.