పై 4లో ఎక్స్‌ఆర్‌డీపీ: పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది, డెస్క్‌టాప్ ఇవ్వదు

హమ్మయ్య, డెస్క్‌టాప్ వచ్చింది. బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే కంప్యూటర్), 4 జీబీ, ఓఎస్ డెబియన్ మీద కట్టిన బుక్‌వర్మ్ 64 బిట్, మానిటర్ లేదు. మిగతా పనులన్నీ గబగబా అయిపోయాయి, ఎక్స్‌ఆర్‌డీపీ (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి ఆర్‌డీపీలో దూరం నుంచి డెస్క్‌టాప్ తెరిచే సర్వర్) ఒక్కటే చుక్కలు చూపించింది.

సులువుగా అయినవాటి గురించి రెండు ముక్కలు. బోర్డు తెరను వీఎన్‌సీ పద్ధతిలో దూరానికి చూపే వేవీఎన్‌సీ, సెట్టింగుల టూల్ రాస్పీ-కాన్ఫిగ్‌లో ఆన్ చేయగానే పనిచేసింది. మానిటర్ లేనప్పుడు రిజల్యూషన్ కోసం పాత ట్యుటోరియల్స్ అన్నీ హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ పెట్టమంటాయి. ఇప్పటి డిస్‌ప్లే డ్రైవర్ కేఎంఎస్ దాన్ని పట్టించుకోదు. బూట్ పార్టిషన్‌లోని సీఎండీలైన్ ఫైల్‌లో ఉన్న ఒకే ఒక్క లైన్ చివర, ఎంటర్ కొట్టకుండా, హెచ్‌డీఎంఐ-ఏ-1 కి 1920×1080, 60 హెర్ట్జ్, చివర డి అక్షరంతో వీడియో పారామీటర్ చేర్చాలి. ఆ డి వల్లే కేబుల్ లేకపోయినా పోర్ట్ ఆన్‌లో ఉంటుంది. వైఫైలో పింగ్ ఎగిరెగిరి పడుతుంటే నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ కనెక్షన్‌కి పవర్‌సేవ్ విలువ 2 పెట్టండి. 2 అంటే ఆఫ్, 3 అంటే ఆన్.

వేవీఎన్‌సీ ఉండగా ఎక్స్‌ఆర్‌డీపీ ఎందుకంటే, విండోస్ ల్యాప్‌టాప్‌లో క్లయింట్ ముందే ఉంటుంది, విండో సైజు బట్టి డెస్క్‌టాప్ సైజు వస్తుంది, బోర్డు మీది స్క్రీన్‌తో సంబంధం లేని సెషన్ దొరుకుతుంది. 1920×1080 తెర 32 బిట్ రంగుల్లో ఒక్క ఫ్రేముకే దాదాపు 8.3 ఎంబీ. సన్నటి లింకు మీద దాన్ని మోయడంలో వీఎన్‌సీ కంటే ఆర్‌డీపీయే మెరుగు అని నా అభిప్రాయం.

ఇక అసలు గొడవ. తప్పు పాస్‌వర్డ్ ఇస్తే తప్పని చెబుతుంది. సరైనది ఇస్తే లాగిన్ బాక్స్ పోయి, తెర కాసేపు నల్లగా ఉండి, విండో దానంతటదే మూసుకుపోతుంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ ఉండదు. 3389 పోర్ట్ వింటూనే ఉంది కాబట్టి నెట్‌వర్క్ మీద అనుమానం అక్కర్లేదు. ఎక్స్‌ఆర్‌డీపీలో సెషన్లు చూసుకునే సెస్‌మన్ లాగ్‌లో లాగిన్ సక్సెస్, డిస్‌ప్లే 10 అని ఉండి, ఆ వెంటనే విండో మేనేజర్ త్వరగా ముగిసిపోయిందన్న హెచ్చరిక కనిపించింది. హోమ్ ఫోల్డర్‌లో దాగున్న ఎక్స్‌ఆర్గ్ఎక్స్‌ఆర్‌డీపీ లాగ్ మాత్రం శుభ్రంగా ఉంది. అంటే తెర గీసే ఎక్స్ సర్వర్ లేచింది, దాని మీద నడవాల్సిన డెస్క్‌టాప్ సెషనే చచ్చిపోతోంది.

అనుమానాలు ఒక్కొక్కటే కొట్టేస్తూ వెళ్లాల్సి వచ్చింది. వోల్టేజ్: థ్రాటిల్డ్ విలువ సున్నా, అంటే తగ్గలేదు. మెమరీ: 3 జీబీ దాకా ఖాళీ. ఎక్స్‌ఆర్‌డీపీ యూజర్‌ని ఎస్ఎస్ఎల్-సర్ట్ గ్రూపులో చేర్చడం: చేర్చాలి, చేర్చితే లాగ్‌లో కీ ఫైల్ పర్మిషన్ గోల పోతుంది, నల్ల తెర పోదు. అందరూ చెప్పే ఇంకో చిట్కా, ఎక్స్‌ఆర్‌డీపీ తాలూకు ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్‌లో డీఆర్ఎం డివైస్ దగ్గరున్న రెండర్ నోడ్ పేరు తీసేసి కొటేషన్లు ఖాళీగా ఉంచడం. అదీ పనిచేయలేదు. కనెక్షన్ తెగకుండా నల్ల తెర మీద మౌస్ బాణం మాత్రమే తిరుగుతుంటే అది ప్రయత్నించండి; విండో మూసుకుపోతుంటే ఆ మందు ఈ జబ్బుకి కాదు.

తీగ దొరికింది కొత్త యూజర్ దగ్గర. ఇంకో ఖాతా సృష్టించి దాంతో లాగిన్ అయితే డెస్క్‌టాప్ మొదటిసారే వచ్చేసింది. ప్యాకేజీలు అవే, కాన్ఫిగ్ అదే. తేడా ఒక్కటే: మొదటి యూజర్ బూట్ అవ్వగానే ఆటోలాగిన్‌తో లాబ్‌డబ్ల్యూసీ (ఎక్స్‌కి బదులు వచ్చిన వేలాండ్ రకం) డెస్క్‌టాప్‌లో కూర్చుని ఉంటాడు. సెషన్ల జాబితా ఇచ్చే లాగిన్‌సీటీఎల్ చూస్తే ఒకే యూజర్ పేరు మీద సీట్ 0 (బోర్డుకి నేరుగా ఉండే తెర, కీబోర్డు) ఉన్న సెషన్ ఒకటి, సీట్ లేని ఎక్స్‌ఆర్‌డీపీ సెషన్ ఇంకొకటి. డెబియన్‌లో డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) సెషన్‌కి కాదు, యూజర్‌కి ఒకటి. రెండో డెస్క్‌టాప్ వచ్చి మొదటిదాని బస్‌కే తగులుకుంటుంది. అక్కడ కావాల్సిన పేర్లన్నీ అప్పటికే ఆక్రమించి ఉంటాయి. మొదటి సెషన్ వదిలిన వేలాండ్ డిస్‌ప్లే వేరియబుల్ కూడా అడ్డుపడుతోందని నా ఊహ.

మందులు రెండు. ఎక్స్‌ఆర్‌డీపీ ఫోల్డర్‌లోని స్టార్ట్‌డబ్ల్యూఎం స్క్రిప్టులో, ఎక్స్‌సెషన్‌ని పిలిచే లైన్లకు పైన, డీబస్ సెషన్ బస్ అడ్రస్‌నీ ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీనీ అన్‌సెట్ చేయడం ఒకటి. డెస్క్‌టాప్ వస్తుంది గానీ, సౌండ్ నడిపే పైప్‌వైర్ సాకెట్ ఉండేది ఆ డైరెక్టరీలోనే కాబట్టి సౌండ్ ఆశ వదులుకోవాలి. రెండోది, రాస్పీ-కాన్ఫిగ్‌లో ఆటోలాగిన్ లేకుండా కన్సోల్‌కి బూట్ చేయడం. మానిటరే లేని బోర్డుకి ఇదే సరైన పద్ధతి; స్క్రిప్టులో కెలకడం అతుకుల పని. కాకపోతే కన్సోల్ బూట్‌లో వేవీఎన్‌సీకి చూపించడానికి డెస్క్‌టాప్ ఉండదు, రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిందే.

అంతా అయ్యాక కూడా ఫోన్ నుంచి కనెక్ట్ అయితే మళ్లీ అదే నల్ల తెర! సెస్‌మన్ డిఫాల్ట్ పాలసీ పాత సెషన్‌ని యూజర్ పేరుతో పాటు రంగుల బిట్ల సంఖ్య చూసి గుర్తుపడుతుంది. ల్యాప్‌టాప్‌లో 32 బిట్‌తో తెరిచి, లాగవుట్ కాకుండా విండో మూసేసి, ఫోన్‌లో 16 బిట్‌తో వస్తే కొత్త సెషన్ కింద లెక్క. మళ్లీ ఒకే యూజర్‌కి రెండు డెస్క్‌టాప్‌లు. రెండు క్లయింట్లలోనూ ఒకే కలర్ డెప్త్ పెట్టగానే ఫోన్‌లో పాత సెషనే తెరుచుకుంది. సెస్‌మన్ ఫైల్‌లో కిల్ డిస్‌కనెక్టెడ్ ఆన్ చేసి గడువు సెకన్లలో ఇస్తే వదిలేసిన సెషన్లు వాటంతటవే పోతాయి. నేను 600 పెట్టాను.

బయటి నుంచి చేరడం తర్వాతి పని. రూటర్ పేజీలో వ్యాన్ (బయటివైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే అది సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం. పోర్ట్ ఫార్వర్డింగ్ దండగ. పబ్లిక్ ఐపీ ఉన్నా 3389ని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పెట్టాలనుకుంటున్నాను, అదిచ్చే అడ్రసులూ ఆ 100.64 శ్రేణిలోవే, చూసి కంగారు పడొద్దు. రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పెట్టడం తేలిక, కానీ స్క్రీన్ షేరింగ్‌కి వేలాండ్ డెస్క్‌టాప్ నడుస్తుండాలి కాబట్టి కన్సోల్ బూట్‌తో పొసగదు. బుక్‌వర్మ్ తర్వాతి వెర్షన్ ట్రిక్సీకి ఇంకో ఎస్‌డీ కార్డు తీసి పెట్టాను. అందులో ఎక్స్‌ఆర్‌డీపీ 0.10 వరుస ఉంది, కొత్త గ్రాఫిక్స్ పైప్‌లైన్‌తో 1080పీలో సీపీయూ ఎంత తింటుందో చూడాలి. అది తేలేదాకా బుక్‌వర్మ్ కార్డు జోలికి పోను.